పాడే పక్షి, వినే పక్షి

తాళ్లపాక అన్నమాచార్యులు పదహారో ఏట, క్రోధి సంవత్సరంలో సంకీర్తన మొదలుపెట్టారు. దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి నాడు కన్నుమూసేదాకా ఆపలేదు. ఈ మాట చెబుతున్నది తిరుమలలో దొరికిన రాగిరేకు. మన లెక్కలో 1424 నుంచి 1503 వరకు, అంటే 79 ఏళ్లు. మనుమడు చిన్నన్న రాసిన చరిత్ర ప్రకారం ఆయన సంకీర్తనలు 32,000. 79 ఏళ్లలో రోజులే 29,000 లేవు. రోజుకొక్కటి చొప్పున కట్టినా లెక్క సరిపోదు, కొన్ని రోజులు రెండేసి కట్టి ఉండాలి. దినానికి ఒకటికి తక్కువ కాకుండా స్వామికి పాట సమర్పించేవారని పెద్దలు చెప్పే మాటకు ఈ లెక్క సాక్ష్యం పలుకుతోంది.

ఇంత పెద్ద సంఖ్య వినగానే ముక్కున వేలేసుకుంటాం. అక్కడితో ఆగిపోతే అసలు సంగతి చేజారిపోతుంది. ఒక మనిషి 79 ఏళ్లు ప్రతిరోజూ ఒకే పని చేస్తే ఆ పని అతణ్ణి ఏం చేస్తుంది? పాటల సంగతి తర్వాత, పాడినవాడి లోపల ఏం జరుగుతుంది? ఇవాళ చేతిలో ఫోన్ పెట్టుకుని రోజుకొక సొంత పాట కట్టి, పాడి, రికార్డు చేసుకునే అలవాటు కొందరికి ఉంది. సాలూరు, బొబ్బిలి, పలాస, ఆమదాలవలస లాంటి ఊళ్లలో కూడా అలాంటివారు తారసపడుతున్నారు. వాళ్లు అడగాల్సిన ప్రశ్న కూడా ఇదేనని నా నమ్మకం.

అన్నమయ్యకు ముందే మన ఉత్తరాంధ్ర కొండ మీద ఒక మహానుభావుడు ఇదే వ్రతం పట్టాడు. సింహాచలం కృష్ణమాచార్యులు కాకతీయుల కాలంవాడు. సింహగిరి నరహరిని ఉద్దేశించి ఆయన చెప్పిన వచనాలు తెలుగు సంకీర్తనకు పెద్ద పునాది. తాళ్లపాకవారి సంకీర్తన లక్షణంలోనే ఆయన ప్రస్తావన ఉంది. ఆ స్వామి మీద ఆయన నాలుగు లక్షల వచనాలు చెప్పాడని సంప్రదాయం. మనకు దక్కినవి మాత్రం గుప్పెడు. మిగిలినవి ఏమయ్యాయంటే ఒక కథ చెబుతారు. ఆయన పాడుతుంటే స్వామి ఆడేవాడట. ఒకనాడు మనసు నొచ్చుకున్న కవి, నా వచనాల వల్లనే కదా నీకు ఈ కీర్తి అని స్వామినే నిలదీశాడట. దాంతో ఆ వచనరాశి నశించిపోయిందట. ఈ కథలో రామానుజులు కూడా కనిపిస్తారు కాబట్టి కాలం లెక్కకు పొసగదు. అయినా శతాబ్దాలపాటు జనం దీన్ని నోటికి నోటికి అందించారంటే, పాట కట్టేవాడికి పొంచి ఉన్న గండం ఎక్కడుందో వాళ్లకు బాగా తెలుసన్నమాట.

ఇద్దరూ రోజూ పాడినవాళ్లే. ఒకరి విషయంలో పాట పాడినవాణ్ణి కరిగించింది. రెండోవారి కథలో పాట పెరిగేకొద్దీ పాడినవాడూ పెరిగాడు. తేడా ఎక్కడ వచ్చింది?

మన శాస్త్రాలు కర్మను నిత్యం, నైమిత్తికం, కామ్యం అని విడదీశాయి. ఫలానాది కావాలని చేసేది కామ్యం. ఒక సందర్భం వచ్చినప్పుడు చేసేది నైమిత్తికం. సంధ్యావందనంలా ఏ ఫలమూ ఆశించకుండా, తెల్లారింది కాబట్టి చేసేది నిత్యం. చేస్తే స్వర్గం వస్తుందని దానికి ఎవరూ ఆశ పెట్టలేదు. చేయకపోతే దోషం అన్నారంతే. మరి దాని ప్రయోజనం ఏమిటంటే చిత్తశుద్ధి అన్నారు వేదాంతులు. పాటను కూడా ఈ మూడు పళ్లేల్లో పెట్టి చూడవచ్చు. బహుమతి కోసం, సినిమా అవకాశం కోసం కట్టిన పాట కామ్యం. పెళ్లికో, సీమంతానికో కట్టినది నైమిత్తికం. ఎవరూ అడగకుండా, ఎవరూ ఎదురుచూడకుండా, ఈ రోజు వచ్చింది కాబట్టి కట్టినది నిత్యం. మూడింటిలో దేన్నీ నేను చిన్నచూపు చూడడం లేదు. కానీ మొదటి రెండూ లోకానికి పనికొస్తాయి, మూడోది పాడినవాడికి పనికొస్తుంది.

ఎలా పనికొస్తుందో చెప్పడానికి అరసవల్లి వెళ్లాలి. అక్కడి సూర్యనారాయణస్వామి గుడిలో ఏటా మార్చిలోను, అక్టోబరులోను కొన్ని ఉదయాలు మాత్రమే సూర్యకిరణాలు అనివెట్టి మండపం మీదుగా గర్భగుడిలోకి వచ్చి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. ఆ నిమిషాల కోసం శ్రీకాకుళం చుట్టుపక్కల ఊళ్లే కాదు, ఎక్కడెక్కడివాళ్లో తెల్లవారుజామున వచ్చి నిలబడతారు. ఆ రోజు మబ్బు పట్టిందా, కిరణం రాదు. వచ్చినవాళ్లు దణ్ణం పెట్టుకుని వెనక్కి వెళతారు. మరి మిగిలిన రోజుల మాటేమిటి? మిగిలిన అన్ని రోజులూ గుడి తలుపు తెరుచుకుంటుంది, పూజ జరుగుతుంది, నైవేద్యం పెడతారు. కిరణం వచ్చే వేళకు గుడి తెరిచి ఉండడానికి కారణం, రాని రోజుల్లో కూడా తెరిచి ఉంచడమే.

పాటకు ప్రేరణ అనేది ఆ కిరణం లాంటిది. ఎప్పుడు వస్తుందో మన చేతిలో లేదు. తలుపు తీయడం మాత్రం మన చేతిలో ఉంది. నిత్యం పాట కట్టేవాడికి కొంతకాలానికి ఈ రెండింటి సరిహద్దు స్పష్టంగా తెలిసిపోతుంది. ఇది నేను చేసింది, ఇది నాకు వచ్చింది అని వేలు పెట్టి చూపించగలుగుతాడు. అప్పుడప్పుడు పాడేవాడికి ఈ ఎరుక కలగదు. వచ్చినదాన్ని కూడా తానే చేశాననుకుంటాడు.

గీత పద్ధెనిమిదో అధ్యాయం ఈ సరిహద్దును ఇంకా సూక్ష్మంగా గీసింది. ఏ పని జరగాలన్నా ఐదు కారణాలు కలవాలంటాడు కృష్ణుడు: అధిష్ఠానం, కర్త, కరణాలు, వేర్వేరు చేష్టలు, ఐదోది దైవం. పాట విషయంలో చూడండి. ఈ దేహం, ఈ గది, ఈ వేకువ అధిష్ఠానం. పాడాలనుకున్నవాడు కర్త. గొంతు, చెవి, శ్రుతిపెట్టె, కాగితం, ఫోన్ కరణాలు. ఊపిరి తీయడం, బిగబట్టడం, వదలడం, నాలుక కదలడం, వేలు తాళం వేయడం చేష్టలు. ఇవన్నీ కుదిరాక కూడా చరణంలో మూడో పాదం తట్టకపోవచ్చు. ఆ పాదాన్ని ఇచ్చేది ఐదోది. ఐదింటిలో ఒకటి మాత్రమే తాను. మిగిలిన నాలుగింటినీ పక్కకు నెట్టి అంతా నేనే చేశాననేవాడు సరిగా చూడనివాడని ఆ వెంటనే గీత తేల్చిచెప్పింది. కృష్ణమాచార్యుల కథలో చూపు తప్పింది ఇక్కడే.

ఆ గీతను తెలుగువాళ్ల ఇంటింటికీ చేర్చిన గొంతు విజయనగరంలో తయారైందని గుర్తు చేసుకోవాలి. కుర్రతనంలో ఘంటసాల అక్కడికి వచ్చి, మధుకరం చేసుకుని పొట్టపోసుకుంటూ, సాలూరువారైన పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర చదువుకున్నారు. తన కడపటి రోజుల్లో భగవద్గీత రికార్డు చేశారు. 1974లో ఆయన వెళ్లిపోయారు. ఇవాళ కూడా ఆ గీత మన ఊళ్లలో వినబడుతూనే ఉంది.

ఇక రికార్డు చేయడం దగ్గరికి వద్దాం. ఇక్కడ ఒక చిక్కు ఉంది. నిత్యకర్మ అంటే చేసి వదిలేయడం. రికార్డు అంటే పట్టి ఉంచుకోవడం. ఈ రెండూ ఒకచోట ఎలా ఇముడుతాయి?

శబ్దం నిత్యమా, అనిత్యమా అని మన దర్శనాలు శతాబ్దాలపాటు వాదులాడుకున్నాయి. శబ్దం పుట్టి నశించేదని నైయాయికులు అన్నారు. శబ్దం ఎప్పుడూ ఉండేదే, ఉచ్చారణ దాన్ని వ్యక్తం చేస్తుందంతే అని జైమినిని అనుసరించిన మీమాంసకులు అన్నారు. ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ చేసినప్పటి నుంచి ఈ వాదం మన పడకగదిలోకి వచ్చేసింది. ఉదయం పాడిన పాట గాలిలో కలిసిపోయింది, అది నైయాయికుడి పక్షం. సాయంత్రం మీట నొక్కితే మళ్లీ వ్యక్తమైంది, అది మీమాంసకుడి పక్షమని పైకి అనిపిస్తుంది. నిజానికి ఫోన్లో దాగినది ఉచ్చారణ మాత్రమే. మీమాంసకుడు చెప్పిన నిత్యశబ్దం దానికి అందదు. అన్నమయ్య రాగిరేకులనే చూడండి. పాట పైన రాగం పేరు ఉంది, కింద మాతువు, అంటే సాహిత్యం, ఉంది, పాడిన వరస లేదు. అవి తిరుమల గుడిలో సంకీర్తన భాండాగారంలో ఏళ్ల తరబడి చీకట్లో ఉండి, 1922 ప్రాంతంలో వెలుగు చూశాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరిస్తే, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు కొన్ని పాటలకు స్వరాలు కట్టారు. మొత్తం పాటల్లో సగం కూడా మనకు దక్కలేదు. రేకుల మీద చెక్కించే పని కొడుకు పెద తిరుమలాచార్యులు తలకెత్తుకున్నారు. తండ్రి పని పాడటంతో పూర్తయింది. భద్రపరచడం తర్వాతి తరం ధర్మం.

అయితే మన ఫోన్ రికార్డింగు ఎవరి కోసం? వందేళ్ల తర్వాతివాళ్ల కోసమని అనుకుంటే అది కామ్యం అయిపోతుంది. రేపటి మన కోసం అనుకుంటే దానికి వేరే అర్థం తెరుచుకుంటుంది.

ఋగ్వేదం మొదటి మండలంలో 164వ సూక్తం దీర్ఘతముడు దర్శించినది. ఆయన అంధుడని సంప్రదాయం. చూపులేని ఆ ఋషి ఒకే సూక్తంలో రెండు గొప్ప సంగతులు చెప్పాడు. ఒకటి, ఒకే చెట్టును ఆశ్రయించిన రెండు పక్షులు: ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తూ ఉంటుంది. రెండోది, వాక్కుకు నాలుగు పాదాలున్నాయి, మూడు గుహలో దాగి ఉన్నాయి, మనుషులు పలికేది నాలుగోదాన్ని మాత్రమే. మొదటిదాన్ని ముండకోపనిషత్తు జీవుడు, సాక్షి అన్న అర్థంలో ఎత్తుకుంది. రెండోదాని నుంచి తర్వాతివాళ్లు పరా, పశ్యంతీ, మధ్యమా, వైఖరి అన్న మెట్లు చెప్పారు. ఈ రెండు మంత్రాలూ ఒకే సూక్తంలో ఎందుకున్నాయో నాకు చాలాకాలం అంతుబట్టలేదు. సొంత పాటను తిరిగి వినే అలవాటు పడ్డాక తోచింది.

మన గొంతు మనకు రెండు దారుల్లో వినిపిస్తుంది. ఒకటి గాలి దారి, రెండోది పుర్రె ఎముకల దారి. ఎముక మంద్రాన్ని బాగా మోస్తుంది కాబట్టి మన గొంతు మనకు గంభీరంగా తోస్తుంది. రికార్డులో ఎముక లేదు, గాలి ఒక్కటే ఉంది. అందుకే మొదటిసారి విన్నప్పుడు ఇది నా గొంతు కాదే అని ఉలిక్కిపడతాం. లోకమంతా ఎప్పటినుంచో వింటున్న గొంతు అదే. మనమొక్కళ్లమే వినలేదు. నేను అని ఇన్నాళ్లూ మోసుకు తిరిగినది లోకంలో లేదని ఆ ఒక్క నిమిషం తేటతెల్లం చేస్తుంది. ఎన్ని ప్రవచనాలు విన్నా లొంగని దేహాభిమానం ఆ క్షణంలో కాస్త సడలుతుంది.

పాడుతున్నంతసేపు మనం పండు తినే పక్షి. కల్పన రుచిగా ఉంటుంది, చరణం అందగానే ఒళ్లు పులకరిస్తుంది. ఆ రుచిలో శ్రుతి జారినా తెలియదు. మర్నాడు అదే పాట వినండి. పల్లవి ఎత్తుకునే ముందు ఒక ఊపిరి వినబడుతుంది. ఆగిపోతున్న ఫ్యాన్ రెక్కల చప్పుడు, వీధిలో పాలవాడి సైకిలు గంట, కాగితం తిప్పిన గరగర, ఆ తర్వాత గొంతు. రెండో పాదం చివర ఎక్కడ తొందరపడ్డామో, ఏ మాట పెదవి మీంచి వచ్చిందో, ఏ మాట లోపలి నుంచి వచ్చిందో దాపరికం లేకుండా తెలుస్తుంది. ఇప్పుడు మనం రెండో పక్షి. తినకుండా చూస్తున్నాం. చెట్టు ఒకటే, గొంతు ఒకటే. నిన్నటి వైఖరిలోంచి దాని వెనకున్న మధ్యమను, ఇంకా వెనకున్న దాన్ని పసిగట్టే చెవి ఈ రెండో పక్షికే ఉంటుంది. శార్‌ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో చెప్పిన క్రమం కూడా ఇదే: పలకాలనుకున్న ఆత్మ మనసును ప్రేరేపిస్తుంది, మనసు దేహాగ్నిని, అగ్ని వాయువును కదిలిస్తాయి, వాయువు నాభి నుంచి హృదయానికి, కంఠానికి, శిరస్సుకు ఎక్కి నోట పలుకుతుంది. పాడేవాడు కిందినుంచి పైకి ఎక్కుతాడు. వినేవాడు పైనుంచి కిందికి దిగుతాడు. సాధన పూర్తి కావాలంటే రెండు ప్రయాణాలూ కావాలి.

ఒకే దేహంలో ఈ రెండు పక్షులనూ ఒకేసారి చూపించిన మహానుభావుడు మన మధ్యనే తిరిగాడు. బొబ్బిలి దగ్గరి అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసుగారు 1883లో, పంతొమ్మిదో ఏట హరికథ చెప్పడం మొదలుపెట్టారు. మాతువూ తనదే, దాని వరస అయిన ధాతువూ తనదే, గజ్జె తనదే, చిడత తనదే. 90 రాగాలను ఒకే రచనలో గుచ్చిన వాగ్గేయకారుడు. హరికథలో ఉన్న గొప్ప మర్మం ఏమిటంటే, దాసుగారు ధ్రువుడై ఏడుస్తారు, సురుచియై ఈసడిస్తారు, అంతలోనే పాత్రలోంచి బయటికి వచ్చి సభవైపు తిరిగి దాని మర్మం విప్పుతారు. తినే పక్షి, చూసే పక్షి చోట్లు మార్చుకుంటూ ఉంటాయి. రెండు చేతులు, రెండు పాదాలు, శిరస్సు ఐదు తాళాలు నడుపుతుంటే అంతటికీ అతీతంగా ఒకడు నిలబడి లెక్క తప్పకుండా కాచుకునేవాడు. పంచముఖి అని జనం అబ్బురపడింది ఆ విద్యకు. నాకు మాత్రం అందులో గీత చెప్పిన ఐదు కారణాలు, వాటిని చూసే సాక్షి కనిపిస్తారు.

1919లో విజయనగరంలో మహారాజావారు సంగీత కళాశాల పెట్టినప్పుడు దాసుగారే తొలి అధ్యక్షులు. సంస్థాన ఉద్యోగి ఒకరి చూపులేని కొడుకు సంగీతం నేర్చుకోవాలని ముచ్చటపడితే ఆ కళాశాల ఆలోచన పుట్టిందంటారు. చూపు మందగించిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడే ఫిడేలు ఆచార్యులై, దాసుగారి తర్వాత 1936లో అధ్యక్షులయ్యారు. ఆయన వాద్యం నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోన్ ప్లేట్ల మీదికి ఎక్కింది. ప్లేటుకు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకే పట్టేది. రాగవిస్తారం గంటలు సాగించే విద్వాంసుడు ఆ మూడు నిమిషాల్లో ఏది ఉంచాలో, ఏది వదలాలో తేల్చుకోవాలి. వదలడం నేర్పని సాధన సాధనే కాదని నా అభిప్రాయం. ఫోన్లో ఎంతసేపైనా పాడుకోగల మనకు ఆ హద్దు లేకుండా పోయింది, మనమే పెట్టుకోవాలి.

ముద్ర గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ పాడిన తొలి రికార్డుల్లో పాట చివర ఆమె తన పేరు చెబుతుంది. ప్లేటు తయారుచేసే దూరదేశపువాళ్లకు ఎవరి పాటో తెలియడానికి పెట్టుకున్న ఆనవాలు అది. మన వాగ్గేయకారులు కూడా పాట చివర ముద్ర వేశారు, కానీ అన్నమయ్య వేసిన ముద్ర వేంకటేశ్వరుడిది. పాట ఎవరిదని అడిగితే ఆ పేరే జవాబు చెబుతుంది. కృష్ణమాచార్యుల కథలో తెగిన ముడి ఇక్కడ పడింది.

ముద్రే లేని పాటలు ఇంకా పైమెట్టు మీద ఉన్నాయి. శ్రావణంలో మన పల్లెల్లో ఉభాలు జరుగుతున్నప్పుడు మడిలో వంగి నాట్లు వేసే ఆడవాళ్లు ఒకరు ఎత్తుకుంటే మిగిలినవాళ్లు అందుకుంటారు. చేతిలో నారుకట్ట, మోకాళ్ల దాకా బురద, నడుము లేచేది చరణం చరణానికీ మధ్య మాత్రమే. పొందూరు వైపు ఒక పెద్దావిడను ఈ పాట ఎవరు కట్టారని అడిగాను. "ఎవులు కట్టినారో నాకేటి తెల్సు బాబూ? మాయమ్మ పాడింది, నాను పాడతన్నాను" అంది. ఆవిడ పాడుతూ పాడుతూ ఆ రోజు ఎదుటి గట్టు మీద నిలబడ్డ నన్ను కూడా ఒక చరణంలో కలిపేసింది. అంటే ఆవిడ కూడా రోజూ కొత్త పాట కడుతూనే ఉంది. కట్టానన్న సంగతి ఆవిడకు తెలియదు. నిత్యకర్మ, నిష్కామం, సాక్షిత్వం గురించి నేను ఇంతసేపు శాస్త్రాల్లోంచి ఏరి చెప్పిందంతా ఆవిడ దగ్గర ఒక్క మాటలో ఉంది. మర్నాడు ఆ చరణం ఆవిడకే గుర్తుండదు.

యంత్రాలతో నాట్లు వేసే పొలాల్లో ఈ పాటలు ఇప్పటికే ఆగిపోతున్నాయి. రోజుకొక పాట కట్టి రికార్డు చేసుకునే అలవాటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా విన్నపం ఇదే. మీ పాటను ఇవాళ కట్టండి, రేపు వినండి, విన్నాక కొత్తది కట్టండి. కానీ ఉభాల కాలంలో ఒక్క ఉదయం మీ పాట మానేసి, మీ ఊళ్లో పాట తెలిసిన అమ్మమ్మ ఉంటే ఆమె పక్కన కూర్చుని, ఒప్పుకుంటే ఆమె పాటను మీ ఫోన్లోకి ఎక్కించుకోండి.